‘ప’ కాదు, ‘వ’

ఈపురుపాలెంలో నా బాల్యమిత్రుడొకడు పడుగులో తెగిన పోగును మసకచీకట్లోనైనా వేలితో తడిమి పట్టేవాడు. బడిలో మాత్రం ‘ప’కు బదులు ‘వ’ వ్రాసేవాడు. మొద్దన్నారు మాస్టారు. మేమూ అన్నాము, నేను కాస్త గట్టిగానే. అయిదుతో చదువు మానేశాడు.

తెలివైన పిల్లలకు సైతం చదవడం, వ్రాయడం కష్టం చేసే డిస్లెక్సియా ఒకటుందని, నేను పంతులునయిన చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో దాని ఊసే లేదు. 2016 చట్టంలోని 21 వైకల్యాలలో చోటు దొరికింది. పరీక్షలో అదనపు సమయం, వ్రాసిపెట్టే మనిషి... బాగానే ఉంది. కానీ ముందుగా పసిగట్టవలసినది తరగతిలోని పంతులే కదండీ! అందరి ముందూ నిలబెట్టి చదివించకుండా, జవాబు నోటితో చెప్పనివ్వడానికి ఏ చట్టం కావాలి?

మొన్న వాడింటికి వెళ్ళాను. మనుమడి నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“వీడూ నాలాగేరా. ఒకసారి చూడు.”