బీరువాలో డిస్కులు, ఇంట్లో లేని ప్లేయరు

మా పర్చూరు వైపు పల్లెల్లో పెళ్ళి సీడీలు లేని బీరువా కనపడదు. పట్టుచీరల అడుగునో, పొలం పాసుపుస్తకాల పక్కనో, స్టూడియో పేరు అచ్చేసిన డబ్బాలో మూడు నాలుగు డిస్కులుంటాయి. వాటిని ఆడించే ప్లేయరు మాత్రం వీధి మొత్తం మీద ఒక్కటి దొరికితే గొప్ప. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చుట్టాల ఇళ్ళల్లో పనిగట్టుకుని అడిగాను. "అటక మీదుందిరా, లెన్సు పోయింది" అన్నారు ఒకరు. "పాతసామాన్ల బండికి వేసేశాం" అన్నారు ఇంకొకరు. మా పెద్దమ్మ వాళ్ళింట్లో ప్లేయరుంది, డిస్కు పెడితే తిరుగుతుంది కూడా. కానీ కొత్త టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు గుచ్చే చోటు లేదు.

సీడీ ప్లేయర్లు ఇంకా ఎవరైనా వాడుతున్నారా అని నేనుండే మిషిగన్‌లో అడిగితే పాటల సంగతి చెబుతారు. అమెరికాలో 2000లో 94 కోట్ల సీడీలు అమ్మితే, 2023లో 3.7 కోట్లు అమ్మారు. 2022లో గ్రామఫోను రికార్డులు సంఖ్యలో సీడీలను దాటేశాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. అయినా ఇక్కడి మా లైబ్రరీలో సీడీలు ఇప్పటికీ ఇంటికిస్తారు. కొరియా పాటల బృందాలంటే పడిచచ్చే పిల్లలు డబ్బాలో వచ్చే ఫొటోల కోసమైనా కొంటారు. కొత్త కార్లలో సీడీ పెట్టే చోటు దాదాపు మాయమైంది గానీ పాత కార్లు రోడ్ల మీద బోలెడు. నాదీ అలాంటిదే. మంచు పడే ఉదయాల్లో ఆఫీసుకెళ్తూ అందులో ఎస్. జానకి పాటలు పెట్టుకుంటాను. ఆమె పుట్టింది అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా పల్లపట్లలో.

మా పర్చూరు వైపు పాటలకీ సీడీకీ అంత గట్టి బంధం ఎప్పుడూ లేదు. 1982లో జపానులో మొదటి ప్లేయరు అమ్మకానికొస్తే, మా ఊరి ఇళ్ళల్లోకి అది రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా రాజ్యమంతా క్యాసెట్టుదే. మిర్చి టిక్కీలు నింపుకుని గుంటూరు యార్డుకి పోయే ట్రాక్టర్లు రాత్రంతా పాటలు మోగిస్తూ పోయేవి. ఆ ట్రాక్టరు మీద సీడీ నిలవలేకపోయింది. డిస్కు మీద సమాచారం సన్నటి చుట్టలా ఉంటుంది. ఒక వరసకీ పక్క వరసకీ మధ్య 1.6 మైక్రాన్ల ఎడం. లేజరు ఆ వరస తప్పకుండా నడవాలి. వానలకి బురదై, ఎండలకి బండబారిన నల్లరేగడి డొంకలో ట్రాక్టరు ఎగిరెగిరి పడుతుంటే ఎలా నడుస్తుంది? క్యాసెట్టు ఆ కుదుపుల్ని ఓర్చుకుంది. అందుకే మా వైపు ట్రాక్టర్లూ ఆటోలూ చాలావరకు క్యాసెట్టు నుంచి నేరుగా పెన్‌డ్రైవు మీదికి దూకాయి.

ఇళ్ళల్లో కొన్నాళ్ళు ఎంపీ3 డిస్కులు వెలిగాయి. ఒక్కదాంట్లో నూరు పాటలకు పైగా పట్టేవి. చీరాల, చిలకలూరిపేట బస్టాండ్ల ముందు బడ్డీల్లో వరసగా వేలాడేవి. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, ఆ బడ్డీలవాళ్ళు ఫోను కవర్లు అమ్మడం మొదలుపెట్టారు. 2017లో సరిగమ వాళ్ళు కారవాన్ అని అయిదువేల పాత పాటలతో పెట్టె తెచ్చాక, నాలాగా బయటి దేశాల్లో ఉన్న కొడుకులూ కూతుళ్ళూ చాలామంది అమ్మానాన్నలకి అది కొనిచ్చారు. మా అమ్మ తెల్లారుజామున లేవగానే దాని చెవి తిప్పుతుంది. పాటలకి ఏ లోటూ రాలేదు.

ఒక్కచోట మాత్రం ప్లేయరు ఇంకా కొలువులో ఉంది. మా ఊరి మైకుసెట్టు బాబాయి పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ ఫోనే కలుపుతాడు. చావింటికి వెళ్ళేటప్పుడు మాత్రం సీడీ ప్లేయరు సంచిలో పెట్టుకుంటాడు. మా వైపు ఎవరైనా కాలం చేస్తే వీధి చివర దాకా వినపడేలా ఘంటసాల భగవద్గీత పెట్టాల్సిందే. 1974లో ఆయన పోయిన తర్వాత విడుదలైన రికార్డు అది. ఎందుకు బాబాయ్ ఫోనులో పెట్టవు అని అడిగాను. "ఫోనొస్తే గీత ఆగిపోద్దిరా అబ్బాయ్. నెట్టులో పెడితే నడిమధ్యలో సబ్బుల అడ్వటైజుమెంటొస్తది. శవం దగ్గర అది పద్ధతేనా?" అన్నాడు. నాకు ఆయన మాట నూటికి నూరుపాళ్ళు సబబనిపించింది. ఒక పని కోసమే ఉన్న యంత్రానికి ఒక మర్యాద ఉంటుంది. మధ్యలో ఎవరూ పిలవరు, ఎవరూ ఏదీ అమ్మరు.

ఇక బీరువాల్లోవి. 2004లో మా అక్క పెళ్ళయింది. స్టూడియో అతను వీసీడీలిచ్చాడు. 1993లో ఖాయమైన ఆ పద్ధతి ఆసియా అంతటా పాకింది, అమెరికాలో మాత్రం జనానికి పెద్దగా తెలియదు. ఒక డిస్కులో గంటంపావుకి పెద్దగా మించి పట్టదు గనుక పెళ్ళి మూడు ముక్కలైంది. బొమ్మ మసకే. ఆ మసకలోనే మా నాన్న ఉన్నాడు. పంచె పైకి కట్టి, పందిట్లో బంతుల మధ్య తిరుగుతూ "అయ్యా, ఆ చివర పప్పు అందలేదు చూడండి" అని కేకేస్తాడు. నాన్న ఫొటోలు మా దగ్గర చాలా ఉన్నాయి. గొంతు ఉన్నది ఆ మూడింట్లో ఒక్క డిస్కులోనే.

అదే డిస్కులో నాదస్వరం ఉంది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టి, చిలకలూరిపేటలో విద్య నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న షేక్ చినమౌలానా గారి కచేరీలు ఎక్కడున్నా వినొచ్చు; రికార్డు కంపెనీలవాళ్ళూ రేడియోవాళ్ళూ దాచారు. కానీ ఆ సంప్రదాయం ఒక్కరిది కాదు. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ముస్లిం కుటుంబాలవాళ్ళు తరతరాలుగా గుళ్ళల్లో, పెళ్ళిళ్ళల్లో సన్నాయి వాయించారు. వాళ్ళల్లో చాలామంది పేరు మీద ఏ కంపెనీ క్యాసెట్టూ రాలేదు. అక్క పెళ్ళికి వచ్చిన పెద్దాయన ముహూర్తం ఆలస్యమైతే పందిట్లో కూర్చుని సుదీర్ఘంగా కల్యాణి వాయించాడు. వీడియో అతను వేరే పనేమీ లేక కెమెరా అటు తిప్పి వదిలేశాడు. ఆయన వాద్యం ఇప్పుడు మిగిలిందంటే అలాంటి పెళ్ళి డిస్కుల్లోనే మిగలాలి.

నాటకాలదీ ఇదే కథ. బుర్రకథకి పొన్నెకల్లు షేక్ నాజర్ గారి గొంతు రికార్డుల్లో ఉంది. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో వినుకొండ జాషువా గారి పద్యాలు పాడిన పెద్ద నటుల క్యాసెట్లు ఒకప్పుడు ప్రతి కిళ్ళీకొట్టులోనూ మోగాయి. మరి పొలం పనులు చూసుకుంటూ, రాత్రిళ్ళు రిహార్సలు చేసి, కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ ముందు తెల్లారేదాకా ఆడిన మా పల్లెల నటులో? మా తాతయ్య వరసాయన ఒకరు హరిశ్చంద్రుడు వేసేవాడు. పద్యం అందుకుంటే పత్తి తీస్తున్న ఆడవాళ్ళు పని ఆపి వినేవాళ్ళు. ఆయన ఆఖరి నాటకం ఎవరో కుర్రాళ్ళు వీడియో తీయించి డిస్కులు కొట్టించారు. నాటకం ఆడినవాళ్ళు తలా ఒకటి పట్టుకెళ్ళారు, అంతే.

ఇక్కడే నాకు కంగారు. కొట్లో కొన్న సినిమా పాటల సీడీని అచ్చుమీద గుంటలు గుంటలుగా పోతపోస్తారు, అది గట్టిది. స్టూడియోల్లో కంప్యూటరు మీద కాల్చిన డిస్కు అలా కాదు. దానిలో ఒక రంగు పూత ఉంటుంది, లేజరు ఆ పూత మీద మచ్చలు పెడుతుంది. వేడికీ తేమకీ ఎండకీ ఆ రంగు మెల్లగా మారిపోతుంది. రోహిణీకార్తెలో 45 డిగ్రీలు దాటే మా ఊళ్ళల్లో, రేకుల గదిలో ఇనప బీరువా లోపల అది ఎంతని తట్టుకుంటుంది? డిస్కు లోపలి నుంచి అంచు వైపు నిండుతుంది. పాడవడం తరచుగా అంచు దగ్గర మొదలవుతుంది. మా అక్క పెళ్ళి మూడో డిస్కు చివర ఉన్నవి అప్పగింతలు. అక్కడ బొమ్మ గళ్ళు గళ్ళుగా చీలిపోయి అమ్మ ముఖం దగ్గర ఆగిపోయింది.

చాలామంది మెరిసే వైపు గీతలు పడకుండా జాగ్రత్తపడి, పేరు రాసిన వైపు బోర్లా పెడతారు. నిజానికి సీడీలో సమాచారం ఉండేది పేరున్న వైపు పలచటి పొర కిందే. మెరిసే వైపు గీత పడితే రుద్ది బాగుచేయొచ్చు. పేరు వైపు గోరంత పెచ్చు లేస్తే ఆ భాగం పోయినట్టే.

కంప్యూటరు ఉంది కదా, ప్లేయరెందుకు అంటాడు మా అక్క కొడుకు. నిజమే, యూఎస్‌బీ డ్రైవు కొని డిస్కు పెట్టి, ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరులో ఉన్న డాట్ ఫైలుని నకలు చేసుకుంటే చాలు, వీఎల్‌సీలో ఆడుతుంది. బాగున్న డిస్కులన్నీ నేనలాగే ఎక్కించాను. చెడిన డిస్కు దగ్గర తేడా వస్తుంది. ఒక్క తప్పు తగిలితే కంప్యూటరు మామూలుగా నకలు మొత్తం ఆపేస్తుంది. పాత ప్లేయరు అలా మొండికేయదు. చదవలేని చోట క్షణం తడబడి ముందుకి పోతుంది, ఆ పోయేదాన్ని తీగల ద్వారా రికార్డు చేసుకోవచ్చు. అక్క అప్పగింతలు కొంత తిరిగి దక్కింది పెద్దమ్మ వాళ్ళ ప్లేయరు వల్లే. అందుకే పనిచేసే ప్లేయరుని పాతసామాన్ల బండికి వేయొద్దని కనపడిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి మరీ చెబుతున్నాను: ఇంటికి కొత్త టీవీ కొనిచ్చేది మనమే, పాతవన్నీ అవతల పడేయమని ఫోనులో పురమాయించేదీ మనమే.

టీవీకి పిన్నుల చోటు లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టె దొరుకుతుంది, పెద్దమ్మకి అది తగిలించి వచ్చాను. పత్తి నూగూ కల్లాల దుమ్మూ పట్టి లెన్సు మసకబారితే తుడిస్తే సరిపోవచ్చు. పూర్తిగా పోయిన లెన్సులకి చిలకలూరిపేటలో టీవీలు బాగుచేసే కుర్రాడు ఇంకా విడిభాగాలు తెప్పిస్తున్నాడు. నా కోసం కొన్ని పక్కన పెట్టమన్నాను. మిర్చి కోతలయ్యాక మళ్ళీ వెళ్తున్నాను. హరిశ్చంద్రుడికి హార్మోనియం వాయించిన మాస్టారి కొడుకు దగ్గర తిరునాళ్ళ డిస్కులు గోనెసంచిలో ఉన్నాయట, ముందు వాటి పని పట్టాలి.