ఈకలు లేని బాణం

రికర్వ్ విల్లు ట్యూనింగ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఈకలు లేని బాణం వేసి చూడటం. ఈకలుంటే బాణం గాల్లోనే తన ఊగులాట సర్దుకుంటుంది. అవి లేనప్పుడు విల్లులోని తేడా అంతా టార్గెట్ మీద తెలిసిపోతుంది. కుడిచేతివాటం వాళ్లకి ఈ బాణం ఈకలున్న బాణాలకి ఎడమగా దిగిందంటే షాఫ్ట్ (బాణం కాడ) బిగువెక్కువ, ప్లంజర్ (బాణం పక్కన ఆనే బటన్) స్ప్రింగ్ కాస్త వదులు చేయాలి. పైన దిగితే నాకింగ్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే చోటు) పైకి జరపాలి.

అంతకంటే ముందు బ్రేస్ హైట్, అంటే నారికీ విల్లు పిడికీ మధ్య దూరం! 68 అంగుళాల విల్లుకి సుమారు 8.5 నుంచి 9 అంగుళాలు. నారికి మెలికలు పెంచుతూ, తగ్గిస్తూ, బాణం వదిలినప్పుడు చప్పుడు మెత్తబడేదాకా చూడాలి. (పిల్లలు ఇది వదిలేసి నేరుగా సైట్ తిప్పుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.) ఇంత జాగ్రత్త ఎందుకంటే, 70 మీటర్ల దూరాన పది పాయింట్ల వలయం వెడల్పు 12.2 సెంటీమీటర్లే మరి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన కొలత రాసిపెట్టుకోండి.