సూరతులో రెండు దినములు

శని, ఆదివారములు విశ్రాంతిగా గడుపదలచిన యాత్రికునకు సూరతు అనుకూలమైన పట్టణమే. తపతీనది యొడ్డున పదునారవ శతాబ్దపు కోట కలదు. డుమస్ చేరినచో నల్లని యిసుక, అరేబియా సముద్రము, వేడి టమాటా బజ్జీలు కలవు. అట్టి తలంపుతో వచ్చిన తెలుగువాడొకడు శనివారమంతయు సముద్రపుటొడ్డున గడపి, మరునాటి యుదయము కతార్‌గామ్ దర్వాజా చేరువనున్న పాత సమాధులను చూడబోయెను.

అచ్చట పరదేశ వర్తకుల సమాధులపై గుమ్మటములు లేచియున్నవి. మలబారు మొక్కలను గూర్చి పండ్రెండు సంపుటములు కూర్పించిన డచ్చి అధికారి వాన్ రీడ్, 1691లో సూరతునకు వచ్చుచు ఓడలోనే మరణించి యిచ్చటనే ఖననమొందెను. ఆ గ్రంథముద్రణము 1693లో గాని ముగియలేదు. చేపట్టిన పని ముగియకమునుపే విశ్రాంతి వచ్చినది.

సాయంకాలము లింబాయత్‌లో తెలుగుమాట వినబడగా యాత్రికుడు నిలిచెను. ఓరుగల్లు, కరీంనగరు ప్రాంతములనుండి మరమగ్గముల పనికై వచ్చిన పద్మశాలి కుటుంబములు సూరతులో పెక్కు కలవు.

"ఎన్నాళ్లుంటరు సారూ?" అని యొక వృద్ధ నేతగాడడిగెను.

"రెండు రోజులేనండి. విశ్రాంతికని వచ్చాను."

"మేమూ రెండేండ్లకనే వచ్చినం. ముప్పై యేండ్లాయె."

గుమ్మటముల క్రిందివారి పేర్లు రాతిపై నున్నవి. ఈతడు నేసిన చీరల యంచులపై ఏ పేరును లేదు. యాత్రికునకు బదులు తోచలేదు. నేతగాడిచ్చిన చాయ త్రాగుచు, మగ్గముల చప్పుడు వినుచు చాలసేపు కూర్చుండెను.