ముసలి కుక్కకు కీళ్ల నొప్పులు: మందు కన్నా ముందు గిన్నె చూడాలె

ఇంట్ల ముసలి కుక్క ఉన్నోళ్లు జర ఓపిక చేసుకొని చదవండి. పండుకొని లేవంగనే నాలుగడుగులు కుంటి, తర్వాత సర్దుకుంటదా? అరుగు ఎక్కనీకి వెనకాముందు ఆడుతదా? మనం వయసైందిలే అని వదిలేస్తం. అది కీళ్లవాతం. మనకు మోకాళ్లు అరిగినట్టే దానికీ అరుగుతయి, నొప్పి కూడా మన లెక్కనే ఉంటది.

మా రాజుకు 11 ఏండ్లు. దామరచర్లల మా పొలానికి, మోటారుకు, వడ్ల కుప్పకు కావలి అంతా వాడే. పోయిన చలికాలం నుంచి పొద్దున లేవనీకి మూలుగుడు మొదలైంది. పశువుల డాక్టరు సారు కాళ్లు వంచి చూసి, మందు రాయకముందే "బరువెంత?" అని అడిగిండు. వడ్లు తూచే కాంటా మీద నేనొక్కణ్నే ఎక్కిన, మళ్ల వాణ్ని ఎత్తుకొని ఎక్కిన. తీసేస్తే 29 కిలోలు! వాని ఒడ్డూ పొడుగుకు 23 ఉంటే సాలన్నడు సారు.

బరువు ఎందుకు రాదు? మిర్యాలగూడ చుట్టూ అన్నీ బియ్యం మిల్లులే, మనకు నూకలకు కొదవ లేదు. మిగిలిన బువ్వంత మజ్జిగ పోసి కుక్కకే. వయసుల ఉన్నప్పుడు ఉరికి అరిగించుకుంటది. ముసలైనంక కూడా గిన్నె అదే, ఉరుకుడు మాత్రం లేదు. అమెరికాల 48 లాబ్రడార్ కుక్కలను జతలు చేసి, జతల ఒకదానికి నాలుగో వంతు తిండి తక్కువ పెట్టి, బతికినన్ని రోజులు చూసిండ్రు. 2002ల ఆ లెక్కలు అచ్చయినయి. నిండుగ తిన్నయి మధ్యస్థంగ 11.2 ఏండ్లు బతికితే, తక్కువ తిన్నయి 13 ఏండ్లు బతికినయి. వాటికి కీళ్లవాతం కూడా ఆలస్యంగ వచ్చింది.

మేం బువ్వను మెల్లమెల్లగ సగానికి తెచ్చినం. ఒక్కసారే కడుపు మాడ్చొద్దు. ఆ జాగల ఉడకబెట్టిన గుడ్డు, బొక్కలు లేని కోడికూర ముక్కలు, సొరకాయ, గుమ్మడికాయ. ఉప్పు కారాలు లేవు. ముసలి కుక్కకు కండ కరిగిపోతది, అందుకే గుడ్డు, మాంసం తగ్గించొద్దు, బువ్వనే తగ్గించాలె. మన కూర కలిపిన అన్నం వద్దు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తాన్ని చెడగొడుతయి. ఉడికిన బొక్కలు ముక్కలై పేగుల గుచ్చుకుంటయి. మూడు నెలలకు రాజు 25 కిలోలకు దిగిండు. ఇప్పుడు అరుగు తనే ఎక్కుతుండు.

ఇగ డబ్బాల సంగతి. బర్రెకు తెచ్చిన కాల్షియం కుక్కకు పోసేటోళ్లు మనల శానా మంది. అరిగింది కీలు నడుమ ఉండే మెత్తటి పొర, కాల్షియం పోస్తే అది తిరిగి రాదు. గ్లూకోసమైన్ బిళ్లలు పనిచేస్తయని కొన్ని పరీక్షలల్ల తేలింది, కొన్నిట్ల ఏం తేలలేదు. పైసలు తక్కువున్నోళ్లు దాని కోసం అప్పు చేయొద్దని నా మాట. చేప నూనెకు వాటి కన్నా మంచి ఆధారం ఉన్నది, దాంట్లుండే ఒమేగా-3 వాపు తగ్గిస్తది. గుణం కనపడనీకి నెలా రెండు నెలలు పడతది. అయితే మెడికల్ షాపుల కాడ్ లివర్ ఆయిల్ అని ఇస్తరు, అది వేరే. దాంట్ల విటమిన్ ఎ, డి ఎక్కువ, రోజూ పోస్తే పేరుకపోయి ఎదురు తంతది. సీసా మీద చదవండి, ఎంత పోయాల్నో డాక్టరును అడగండి.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న. మీరు మోకాళ్లకు మింగే బిళ్ల కుక్కకు వేయొద్దు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ కుక్క కడుపుల పుండ్లు చేస్తయి, కిడ్నీలు తింటయి. డైక్లోఫెనాక్ సూది వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పోయి చచ్చినయనే 2006ల దాన్ని పశువైద్యంల నిషేధించిండ్రు. కుక్కకు నొప్పి మందులు వేరే ఉన్నయి, బరువును బట్టి డాక్టరే ఇయ్యాలె.

కుంటుడంత కీళ్లవాతం కూడా కాదు. పిడుదుల జ్వరంల కూడా కుంటతయి. ఉన్నట్టుండి కాలు ఎత్తి కింద పెట్టకపోతే ఆ రోజే దవాఖానకు తీస్కపోండి.

రాత్రి నేల మీద పండనీయకుండ గడ్డి మీద రెండు గోనె సంచులు వేసినం. పొద్దున, మాపటికి కాలువ గట్టు మీద పావుగంట మెల్లగ నడిపిస్తున్న. ఇంకా 2 కిలోలు దిగాలె. మా కాంటా మళ్ల వడ్లు వచ్చేదాక ఖాళీనే, దగ్గరోళ్లు మీ కుక్కను తెచ్చి తూచుకోండి.