రాతిలో మిగిలిన రాజ్యం

రాజు పోయాడు. రాజ్యం పోయింది. ఆయన మాట మాత్రం కొండమీద రాళ్లలో ఉండిపోయింది!

తుర్కియేలోని నెమ్రుత్ కొండ ఎత్తు 2,100 మీటర్ల పైమాటే. శిఖరంమీద భారీ విగ్రహాలున్నాయని 1881లో జర్మన్ ఇంజినీరు కార్ల్ సెస్టర్ చెప్పాడు. అవి అస్సీరియన్లవి అనుకున్నాడు. మరుసటి ఏడాది ఒటో పుష్‌స్టైన్ విగ్రహాల వెనక్కి వెళ్లి చూస్తే... రాతి సింహాసనాల వీపున గ్రీకు శాసనం! 200కు పైగా పంక్తులు. చెక్కించింది క్రీ.పూ. ఒకటో శతాబ్దంనాటి కమాజినె రాజు మొదటి ఆంటియోకస్.

తండ్రివైపు పర్షియా చక్రవర్తులు, తల్లివైపు గ్రీకు రాజులు తన పూర్వీకులని గొప్పగా చెప్పుకున్నాడాయన. అంతటివాడూ పేరు పక్కన ‘రోమన్ల మిత్రుడు’ అని రాయించుకున్నాడు. గుట్టంతా ఆ బిరుదులోనే ఉంది. ఒకపక్క రోమ్, మరోపక్క పార్థియా. నడుమ చిన్న రాజ్యం. పేరుకు మిత్రుడు, నిజానికి సామంతుడు.

తన పుట్టినరోజు, పట్టాభిషేకం తేదీల్లో నెలనెలా, ఎప్పటికీ పండగ చేయాలనీ శాసించాడు. క్రీ.శ. 72లో రోమ్ ఆ రాజ్యాన్నే కలిపేసుకుంది.

ఆఖరి రాజు మనవడు ఫిలోపాపస్ ఏథెన్స్‌లో స్థిరపడ్డాడు. అక్కడి ఆయన సమాధిమీద గ్రీకులో ‘రాజు’ అనే ఉండేది. ఆస్తి కరిగిపోయినా ‘జమీందారు గారి మనవడు’ అనిపించుకోవాలన్న ఆశ ఏ దేశంలోనైనా ఒకటే!