రెండో చరణం

మిర్యాలగూడ సాగర్ రోడ్డులో పెళ్లి బరాత్ కదిలిందంటే డీజే పెట్టెల దరువుకు దుకాణాల షట్టర్లు గడగడలాడుతాయి. ఆడనీయండి, పెళ్లన్నాక ఆ మాత్రం సందడి ఉండాలి. నాకు ఒళ్లు మండేది చప్పుడుకు కాదు. పల్లవి రెండుసార్లు తిరిగిందో లేదో, గొంతు చరణం ఎత్తుకోబోతుండగానే ఆ డీజే అబ్బాయి ఇంకో పాటలోకి దూకుతాడు. దాని పల్లవి కాగానే మరొకటి. ఊరేగింపు బయలుదేరినప్పటి నుంచి ఫంక్షన్ హాలు చేరేదాకా ఒక్క పాటయినా కడదాకా సాగదు. ఫోన్లలో రీల్స్‌ది కూడా అదే వరస: అర నిమిషం పాట, అర నిమిషం గంతు. ఇప్పటి పిల్లలకు వందల పల్లవులు నోటికి వచ్చు. రెండో చరణం పాడమనండి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

పాటలో అసలు సరుకంతా రెండో చరణంలోనే ఉంటుందని నా గట్టి నమ్మకం. పల్లవి జనం నోట నానాలి, బాణీలో ఒదగాలి, పోస్టరు మీదికి ఎక్కాలి. అందుకని దాని మీద పదిమంది కళ్లుంటాయి. మొదటి చరణం కథకూ సందర్భానికీ బాకీ తీరుస్తుంది. రెండో చరణానికి వచ్చేసరికి అడిగేవాళ్లు తగ్గిపోతారు, కవి ఒకసారి తన ఊరికి పోయి వస్తాడు. తను చూసిన మనుషులు, తిన్న తిండి, పడ్డ మాటలు అక్కడ దిగుతాయి.

సుద్దాల హనుమంతు రాసిన పశులకాపరి పిల్లవాడి పాటనే తీసుకోండి. సుద్దాల అప్పటి మా నల్లగొండ జిల్లాలోని ఊరే. తెలంగాణ సాయుధ పోరాట కాలం నాటి ఆ పాట 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాతో ఊరూరా తిరిగింది. పల్లవి అందరికీ వచ్చు. పసివాడు పశువులు కాస్తున్నాడన్న జాలి దగ్గరే చాలామంది ఆగిపోతారు. ముందుకు పోతే కదా, వాడి కాళ్లకున్న తాటి జోడు కనిపించేది! ఇంకా పోతే మంద చెదిరి, ఎవరో పశువులను దొడ్డికి తోలేస్తే వాడు ఏడుస్తూ కూర్చోవడం, ఆ మీదట జీతం కింద కొలిచే గింజలు, ఆ గింజల్లో కలిపిన తాలు. ఒక జీతగాడి ఇంటి లెక్కంతా ఆ తాలు గింజల్లో ఉంది. భూస్వామ్యం మీద ఎన్ని పుస్తకాలయినా చదవండి, కొలపాత్రలో తాలు కలిపిన ఆ చేతిని అంత దగ్గరగా చూపించినవి ఎన్నుంటాయి? ఆ పాటను పల్లవి దగ్గర తుంచేస్తే మిగిలేది ఉత్త జాలి.

మా అన్న కూతురు కోదాడలో ఇంటర్ చదువుతోంది. ఒకసారి పల్లెటూరి మీద వ్యాసం రాసి తెచ్చింది. పల్లెలు దేశానికి పట్టుగొమ్మలన్న మాటతో మొదలుపెట్టి, పచ్చని పైరులు, సెలయేళ్ల గలగలలు, కోయిల కూతలతో రెండు పేజీలు నింపింది. మా ఊళ్లో సెలయేరు ఎక్కడుంది? సాగర్ ఎడమ కాలువ ఉంది, దాని తూముల దగ్గర వంతుల కోసం పడే తగాదాలున్నాయి.

“ఇది ఏ ఊరు బిడ్డా?” అన్నాను.

“ఏ ఊరూ కాదు అత్తమ్మా. వ్యాసం ఊరు. అట్ల రాస్తేనే మార్కులేస్తరు.”

పాపం, దాని తప్పేముంది. ఇంట్లో అంత చక్కగా మాట్లాడే పిల్లను పెన్ను పట్టగానే ఎవరో పెద్దమనిషి ఆవహిస్తాడు. కోదాడ సరిహద్దు ఊరు. అటు పాత కృష్ణా జిల్లా పలుకు, ఇటు సూర్యాపేట పలుకు ఒకే టీ కొట్టు దగ్గర కలుస్తాయి, రెండూ దాని నాలుక మీద ఆడతాయి. కాగితం మీదికి మాత్రం ఒక్కటీ దిగదు. “నువ్వు వ్యాసాల పుస్తకం పక్కన పెట్టి పాటలు చదువు” అన్నాను. వినమని కాదు, చదవమని.

అప్పుడు అదే చెప్పింది, అమెరికాలో టేలర్ స్విఫ్ట్ పాటల మీద హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో క్లాసులు పెట్టారని. నిజమే. 2024లో స్టెఫనీ బర్ట్ అనే ఆచార్యురాలు ఆ కోర్సు చెప్పారు. ఆ పాటల పక్కన వర్డ్స్‌వర్త్‌ను కూడా పెట్టి చదివించారు. 2016లో బాబ్ డిలన్‌కు సాహిత్యంలో నోబెల్ ఇచ్చినప్పుడు పాట సాహిత్యమవుతుందా అని లోకమంతా వాదించుకుంది. మన దగ్గర ఆ వాదానికి చోటెక్కడిది? పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ జనం పాడుకునే వాటికి వరసపెట్టి లెక్క చెప్పాడు. బిరుదురాజు రామరాజు 1950ల్లోనే ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. ఊళ్లు తిరిగి, విని, రాసుకుని, ఆ పాటల్లోంచి పెళ్లిళ్లు, పంటలు, కాపురాలు, కలహాలు బయటికి తీశారు. ఆయన చూపిన దారి అంత తేటగా ఉండగా బడుల్లో ఇంకా పాటను దొంగసరుకు లాగా చూడటం నేను భరించలేను.

ఈ మాట ఊరికే అనడం లేదు. నా చిన్నప్పుడు సూర్యాపేటలో సినిమా హాళ్ల ముందు, బస్టాండు పక్కన పాటల పుస్తకాలు నేల మీద పరిచి అమ్మేవాళ్లు. గులాబీ రంగు, పసుపు రంగు పలచని కాగితం, నాలుగైదు పేజీలు. ముందు నటీనటుల పేర్లు, తర్వాత సగం కథ. సరిగ్గా హీరోయిన్‌ను ఎత్తుకుపోయే చోట ఆపి, మిగతాది వెండితెర మీద చూడమనేవాళ్లు. ఆ వెనక పాటలు. ఒక్కో పాట కింద రాసినవారి పేరు, పాడినవారి పేరు. సినిమాలో నిడివి కోసం కోసేసిన చరణాలు కూడా ఆ పుస్తకంలో ఉండేవి. హాల్లో వినపడని చరణం నా చేతిలో ఉందన్న గర్వం అంతా ఇంతా కాదు! అచ్చుతప్పులు కుప్పలుగా ఉండేవి. తప్పు ఎక్కడుందో వెతికి, ఇక్కడ ఏ మాట ఉంటే లయకు సరిపోతుందో ఆలోచించి పెన్సిల్‌తో దిద్దుకునేదాన్ని. నాకు ఛందస్సు చెవికి ఎక్కింది ఆ దిద్దుబాట్లలోనే. గణాల పాఠం తర్వాతెప్పుడో వచ్చింది.

అలాంటి పుస్తకం ఒకటి తెలుగు వాచకం నడుమ దొరికిందని ఒక సారు దాన్ని క్లాసు ముందు నిలువునా చింపారు. ఆయన పేరు చెప్పను, బడి పేరూ చెప్పను. ఇవి చదివితే చేతిరాత దగ్గర నుంచి బుద్ధి దాకా అన్నీ చెడతాయన్నారు. ముక్కలు నాచేతనే ఏరించారు. ఆ ముక్కల్లో సినారె పాట ఉంది. 1962లో గులేబకావళి కథతో సినిమాల్లోకి వచ్చిన సి. నారాయణరెడ్డి ఆధునికాంధ్ర కవిత్వం మీద సిద్ధాంత గ్రంథం రాసిన ఆచార్యుడు. విశ్వంభరకు 1988 జ్ఞానపీఠం అందుకున్నదీ ఆయనే. చేయి ఒకటే కదా! కావ్యం రాసిన చేతికి దండం పెట్టి, పాట రాసిన చేతిని ఎట్లా చింపుతారు? ఇన్నేళ్లయినా ఆ కోపం నాలో తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు. ఆ రోజు ఆయన చింపకుండా, ఆ పాటను బోర్డు మీద రాసి, ఏ పాదం ఎక్కడ ఎందుకు విరిగిందో చెప్పి ఉంటే, ఆ క్లాసులోంచి ఇంకో నలుగురు రాసేవాళ్లు తేలేవారు. ఆ నలుగురూ ఎవరో కూడా నాకు తెలుసు. ఒకమ్మాయి అప్పటికప్పుడు పేరడీలు కట్టేది, మాత్ర తప్పేది కాదు. ఆ తర్వాత ఆమె ఒక్క ముక్కయినా రాయలేదు.

మా కోడలుపిల్లకు, అదే మా అన్న కూతురికి, మొదట ఇచ్చింది గోరటి వెంకన్న పాట. ‘కుబుసం’ సినిమాలో వచ్చిన పల్లె కన్నీటి పాట. ముందు నోట్‌బుక్‌లో చేత్తో రాయమన్నాను. ఫోన్‌లో చూస్తే కళ్లు పల్లవి మీదే తిరుగుతాయి. పైగా సగం చోట్ల తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, మాటలు విరిచి, అర్థం లేకుండా చేస్తారు. చేత్తో రాస్తుంటే ప్రతి మాట దగ్గరా ఆగాలి. రాశాక బాణీ మరిచిపోయి, ఇంటికొచ్చిన ఉత్తరం చదివినట్టు పైకి చదవమన్నాను. తర్వాత, చేత్తో పట్టుకోగలిగిన వస్తువులు ఎన్ని ఉన్నాయో ఏరమన్నాను. కుమ్మరి ఆము, కమ్మరి కొలిమి, వడ్రంగి బాడిసె, సాలె మగ్గం… అది రాసుకుంటూనే ఉంది. బాధ, వేదన, ఆవేదన అన్న మాటలు వెతకమంటే మాత్రం పెన్ను ఆగిపోయింది. వెంకన్న చేసిన పని అంతే: పనిముట్టు పేరు చెప్తాడు, ఇప్పుడు దానికి ఏ గతి పట్టిందో చెప్తాడు, పక్క ఇంటికి పోతాడు. ఒక్కో చేతివృత్తి గడప తొక్కుతూ పోతుంటే ఊరు ఊరంతా ఖాళీ అయిన సంగతి మనకే తెలుస్తుంది. ఏడవమని ఆయన అడగడు. ఆయన వల్లంకితాళానికి 2021 సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చిందంటే వచ్చింది కానీ, నా దృష్టిలో ఆ పాట రాసిననాడే ఆయన పెద్ద కవి.

ఆ తర్వాత చేయించింది నాకు చాలా ఇష్టమైన కసరత్తు. తెలియని పాట ఒకటి ఇచ్చి, రెండో చరణం ఆఖరి పాదాన్ని అట్టముక్కతో కప్పి, అది తనే రాయాలన్నాను. రాసి, అట్ట తీసి, కవి ఏం రాశాడో పక్కన పెట్టి చూడాలి. మొదట్లో అది పెద్ద పెద్ద మాటలతో ముగించేది. కవి మాత్రం చాలాచోట్ల ఇంకాస్త చిన్న వస్తువు దగ్గరికి దిగేవాడు. హనుమంతు కొడుకు సుద్దాల అశోక్ తేజవి ఇచ్చాను. ఠాగూర్ సినిమా పాటకు జాతీయ పురస్కారం తెచ్చుకున్న కవి. తండ్రి పాటా కొడుకు పాటా పక్కపక్కన పెట్టి చూడటం ఒక చదువే. చంద్రబోస్‌వీ ఇచ్చాను. ‘నాటు నాటు’కు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చినప్పుడు అడుగులు చూసి లోకం ఆడింది. కాగితం మీద చూడండి: పోతురాజు, కిర్రుచెప్పులు, మర్రిచెట్టు నీడ, జొన్నరొట్టె, మిరపతొక్కు. ఆటను వర్ణించడానికి కవి వంటింట్లోకీ జాతరలోకీ పోయాడు. వరంగల్ వైపు చల్లగరిగలో పుట్టినవాడు కాబట్టి ఆ రొట్టె ఆయనకు తెలుసు.

కొన్నాళ్లకు కోడలుపిల్ల ఇంకో వ్యాసం తెచ్చింది. మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీగా చేసిన వాళ్ల తాత మీద. ఇనుప కొక్కెం పట్టీ పట్టీ కాయలు కాసిన అరచేయి, మెడ మీద బస్తా రాపిడికి నల్లబడ్డ చోటు, ఇంటికొచ్చి తల దులిపితే రాలే ఊక. కాంటా దగ్గర దడ్వాయికీ రైతుకూ పడ్డ మాటలు వాళ్లు మాట్లాడినట్టే రాసింది. ఆఖర్లో తాత ఎంత గొప్పవాడో చెప్పే వాక్యం ఒకటి మొదట రాసి, కొట్టేసింది. ఆ కొట్టివేత చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఇక మా వైపు పాట అంటే సినిమా పాట ఒక్కటేనా? దురాజ్‌పల్లి గట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల జాతర జరుగుతుంది. గజ్జెల లాగులు, భేరీలు, ఓ లింగా అన్న కేకలతో గట్టు ఊగిపోతుంది. అక్కడ ఎవరూ పాటను సగంలో ఆపరు. బతుకమ్మ సంగతి ఇంకా మేలు. ఉయ్యాల పాటకు ఇన్ని చరణాలని హద్దే లేదు. మల్లు స్వరాజ్యం ఆ ఉయ్యాల పాటల్లోనే సాయుధ పోరాటపు కబుర్లు పెట్టి ఊళ్లకు ఊళ్లను కదిలించింది. ఇక్కడికి దగ్గరే, కర్విరాల కొత్తగూడెం ఆడబిడ్డ. తుపాకీ పట్టడం తర్వాతి సంగతి, ముందు గొంతెత్తి పాడింది. దొర పేరు, వెట్టి పేరు, దెబ్బలు తిన్నవాళ్ల గోస అన్నీ ఉయ్యాలో అంటూ సాగేవట. ఇప్పుడు బతుకమ్మ దగ్గర కూడా డీజే పెట్టెలే.

మా అమ్మమ్మ పాడే ఉయ్యాల పాట ఒకటుంది. దేవుళ్లతో మొదలవుతుంది, మధ్యలో మా బంధువుల్లోకి దిగుతుంది. ఎవరికి కమ్మలు చేయించారో, ఎవరిని పుట్టింటికి పంపలేదో, ఏ ఏడు చెరువు తెగిందో అన్నీ వస్తాయి. అమ్మమ్మ ఎత్తుకుంటే మా పిన్ని అందుకునేది. ఇప్పుడు పూర్తిగా వచ్చింది పిన్ని ఒక్కతెకే. కోడలుపిల్ల నోట్‌బుక్ పట్టుకుని ఆమె దగ్గర కూర్చుంటోంది. చాలా భాగం వచ్చింది. పిన్ని అత్తగారింట్లో జరిగిన గొడవ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె నోరు మెదపదు. అది పాడుకునేదే కానీ రాసుకునేది కాదంటుంది. అది లేనిదే పాట పూర్తి కాదని నేనూ, ఇంకా బతికున్నవాళ్లున్నారని ఆమే. పండుగకు ఇంకా టైముంది, అడుగుతూనే ఉంటాను.