గీజరు పుట్టిన దేశం

పిల్లలూ! స్నానానికి నీళ్ళు కాచే గీజరు మీకు తెలుసు కదా? ఆ పేరు ఐస్‌లాండు దేశంలోని గేసిర్ అనే వేడినీటి బుగ్గనుంచి వచ్చింది.

ఒక జూన్ నెలలో నేను మొదటిసారిగా, ఒంటరిగా ఆ దేశం వెళ్ళాను. అక్కడి భాష రాదు; తెలిసినవారు లేరు. రాజధాని రేక్యవిక్‌లో రాత్రి పదకొండయినా పొద్దు కుంకలేదు. బసలో వేడినీళ్ళ కుళాయి తిప్పితే గుడ్లు కుళ్ళిన వాసన! నీళ్ళు చెడిపోయాయని కంగారుపడ్డాను. ఇంటావిడ నవ్వి, "ఇవి భూమిలోనుంచి వచ్చే వేడినీళ్ళు. ఆ వాసన గంధకపు వాయువుది. చలికాలంలో మా ఇళ్ళను వెచ్చగా ఉంచేది కూడా భూమిలోని వేడే," అని ఇంగ్లీషులో చెప్పింది.

మర్నాడు గేసిర్ వద్దకు వెళ్ళాను. అది ఇప్పుడు చాలా అరుదుగా చిమ్ముతుంది. పక్కనున్న స్ట్రోక్కుర్ మాత్రం సాధారణంగా 10 నిమిషాలలోపే ఒకసారి చిమ్ముతుంది. బుగ్గ అడుగున నీళ్ళు 100 డిగ్రీలు దాటినా, పైనున్న నీటి బరువుకు మరగవు. ఆఖరుకు ఒక్కసారిగా ఆవిరై, పైనీటిని ఎగదన్నుతాయి.

దగ్గరగా చూడాలని నేను తాడు దాటబోయాను. ఒక ముసలాయన చప్పున నా చెయ్యి పట్టి వెనక్కు లాగాడు. మరుక్షణం నీళ్ళు సుమారు 20 మీటర్ల ఎత్తుకు లేచి, నేను కాలు పెట్టబోయిన చోటనే సలసల కాగుతూ పడ్డాయి! ఆయన మాట నాకు తెలియలేదు గాని, ఆ చెయ్యి చెప్పింది తెలిసింది.

ఇప్పటికీ ఇంట్లో గీజరు వేస్తే ఆయనే గుర్తుకు వస్తాడు.